కవరు అడుగున ఉన్న సీడీ ఎక్కడ?

స్కానింగ్ సెంటర్ నుంచి బయటికొచ్చేవాళ్ల చేతిలో ఓ పెద్ద కవరు ఉంటుంది. అందులో నల్లటి ఫిల్ములు, రెండు పేజీల రిపోర్టు, అడుగున ఎక్కడో ఓ సీడీ. ఫిల్ముల్ని బీరువా మీద భద్రంగా పెడతారు. రిపోర్టును తెలిసిన నలుగురికీ చూపిస్తారు. సీడీ మాత్రం పిల్లల చేతికో చెత్తబుట్టకో చేరుతుంది. పోనీ కంప్యూటర్లో పెట్టి చూద్దామనుకున్నవాళ్లకైనా కనిపించేదేంటి? అర్థంకాని పేర్లతో వందల ఫైళ్లు. ఏ ఫొటో ప్రోగ్రాముతోనూ తెరుచుకోవు. ‘సీడీ పాడైనట్టుంది’ అనుకుని పక్కన పడేస్తారు.

నిజానికి ఆ కవరు మొత్తంలో అసలు సరుకు ఆ సీడీయే.

ఛాతీకి సీటీ స్కాన్ చేశారనుకోండి. శరీరాన్ని బ్రెడ్డు ముక్కల్లా పలచగా కోసి చూపిస్తున్నట్టుగా యంత్రం మూడొందల దాకా బొమ్మలు తయారుచేయడం ఇప్పుడు మామూలే. ఒక ఫిల్ము షీటు మీద పట్టేవి ఇరవయ్యో ముప్ఫయ్యో. మూడు షీట్లు ఇచ్చినా వంద దాటవు. మిగతావన్నీ సీడీలోనే ఉంటాయి. ఒక్కో బొమ్మలో అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కలు. చుక్కకి రెండు బైట్ల చొప్పున ఒక బొమ్మకి అర మెగాబైటు. మూడొందల బొమ్మలూ కలిపితే 150 మెగాబైట్లు. 700 మెగాబైట్ల సీడీలో హాయిగా సరిపోతాయి.

బొమ్మల సంఖ్య సంగతి అలా ఉంచితే, ఫిల్ముకీ సీడీకీ అంతకన్నా పెద్ద తేడా ఒకటుంది. సీటీ బొమ్మలో ప్రతి చుక్క వెనకా ఒక అంకె ఉంటుంది. నీళ్లకి సున్నా. గాలికి మైనస్ 1000. కొవ్వుకి సుమారు మైనస్ 100. కండకి 50 దగ్గర్లో. గట్టి ఎముకకి వెయ్యి, ఆపైన. మొత్తమ్మీద నాలుగు వేల మెట్లు. మామూలు మానిటర్ చూపించేది నలుపు నుంచి తెలుపు దాకా 256 ఛాయలే. నాలుగు వేల మెట్లనూ వాటిలో కుక్కితే ఒక్కో ఛాయలోకి పదహారు మెట్లు వెళ్లిపోతాయి. మెదడులో బూడిదరంగు పదార్థానికీ తెల్ల పదార్థానికీ మధ్య తేడా పది మెట్లకి కాస్త అటూ ఇటూ. ఇంకేముంది, రెండూ కలిసిపోయి ఒకే ముద్దలా కనిపిస్తాయి!

అందుకే డాక్టర్లు ఓ కిటికీ తెరుచుకుంటారు. మెదడు చూడాలంటే సున్నా నుంచి 80 వరకే తీసుకుని, 256 ఛాయల్నీ ఆ కాస్త మేరకే పంచుతారు. సున్నాకి దిగువదంతా నలుపు, 80కి ఎగువదంతా తెలుపు. దీన్నే ‘విండో’ అంటారు. ఊపిరితిత్తులకి ఒక విండో, ఎముకలకి మరొకటి. ఫిల్ము మీద అచ్చు వేసిన క్షణానే ఆ కిటికీ బిగుసుకుపోతుంది. ఆ తర్వాత దాన్ని ట్యూబులైటు ముందు ఎంతసేపు పట్టుకున్నా కొత్తగా ఏమీ కనిపించదు. ఇక ఆ ఫిల్మును సెల్‌ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో హైదరాబాద్ డాక్టరుకి పంపితే ఆయనకి చేరేది నీడకి నీడ. సీడీలో మాత్రం ఆ అంకెలన్నీ అలాగే ఉంటాయి. అదే స్కాన్‌ను ఊపిరితిత్తుల కోసం ఓసారి, పక్కటెముకల కోసం ఓసారి చూసుకోవచ్చు. (ఎమ్మారైలో అంకెల పద్ధతి వేరు, నీళ్లకి ఇంత అని స్థిరమైన విలువేం ఉండదు. కిటికీ సర్దుకోవడం మాత్రం అక్కడా ఉంటుంది.)

ఈ అంకెలకి ‘హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు’ అని పేరు. సీటీ స్కానర్‌ను తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇంజినీరు. పనిచేసింది ఈఎంఐ కంపెనీలో. అవును, గ్రామఫోన్ రికార్డుల ఈఎంఐయే! 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో తొలిసారి ఓ రోగి మెదడును ఆ యంత్రంతో చూశారు. అప్పటి బొమ్మలో 80 వరసల్లో 80 చుక్కలు, అంతే. 1979లో అలన్ కార్మాక్‌తో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు.

తర్వాత యంత్రాలు పెరిగాయి, తలనొప్పీ పెరిగింది. ఏ కంపెనీ యంత్రం బొమ్మలు ఆ కంపెనీ కంప్యూటర్లోనే తెరుచుకునేవి. దీనికి విరుగుడుగా 1983లో అమెరికాలో రేడియాలజిస్టుల సంఘం, యంత్రాల తయారీదారుల సంఘం ఒక్కచోట కూర్చున్నాయి. 1985లో తొలి ప్రమాణం వచ్చింది. 1993 నాటికి అదే ‘డైకామ్’ అయింది. ఈరోజు ఏ దేశంలో, ఏ కంపెనీ యంత్రం మీద స్కాన్ తీసినా సీడీలో ఉండేవి దాదాపుగా డైకామ్ ఫైళ్లే. ఫొటో ప్రోగ్రాములు తెరవలేకపోవడానికి కారణం అదే. సీడీ చెడిపోయీ కాదు, వైరస్ వల్లా కాదు.

వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ ఒకప్పుడు లక్షల ఖరీదు చేసే వర్క్‌స్టేషన్లకే పరిమితం. ఆ గోడని గట్టిగా కొట్టినవాటిలో ఒకటి ‘ఒసిరిక్స్’. స్విట్జర్లాండ్ రేడియాలజిస్టు ఆంత్వాన్ రోసే, ఒస్మాన్ రాతిబ్‌తో కలిసి మ్యాకింతోష్ కంప్యూటర్ల కోసం దాన్ని తయారుచేసి, 2004లో ప్రోగ్రాము కోడ్‌తో సహా ఉచితంగా విడుదల చేశారు. తర్వాత అది అమ్మకపు సరుకుగా మారింది. మొదటి కోడ్ ఆధారంగానే ‘హోరోస్’ అనే ఉచిత ప్రోగ్రాము పుట్టింది. విండోస్ వాడేవాళ్లకి ‘మైక్రోడైకామ్’ ఉంది, సొంత అవసరానికైతే ఉచితం. ‘వీసిస్’ ఎవరికైనా ఉచితమే. ‘త్రీడీ స్లైసర్’ కూడా అంతే కానీ అది పరిశోధకుల పనిముట్టు, ఇంట్లో చూసుకోవడానికి దాని జోలికి వెళ్లక్కర్లేదు. చాలా సెంటర్లు సీడీలోనే ఓ చిన్న వ్యూయర్‌ను కూడా పెట్టి ఇస్తాయి. ముందు దాన్ని ప్రయత్నించండి.

తెరిచేటప్పుడు ఒక్క ఫైలును కాకుండా మొత్తం ఫోల్డరును ఇవ్వాలి. అప్పుడు ముక్కలన్నీ వరసలో పేర్చుకుంటాయి. మౌస్ చక్రం తిప్పుతుంటే మెడ దగ్గర్నుంచి కడుపు దాకా లిఫ్టులో దిగుతున్నట్టుంటుంది. మౌస్ బటన్ నొక్కిపట్టి పక్కకీ, పైకీ కిందికీ జరిపితే కిటికీ మారుతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. సీటీ బొమ్మను రోగి పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు అమరుస్తారు. కాబట్టి తెర మీద ఎడమవైపు కనిపించేది రోగి కుడిపక్క. కాలేయం ఎడమవైపు కనబడిందని కంగారు పడితే లాభంలేదు.

కంగారంటే గుర్తొచ్చింది... తొలిసారి చూసేవాళ్లని భయపెట్టేవి సాధారణంగా ఏ జబ్బూ లేనివే. మెదడు నడుమ నల్లటి ఖాళీలు కనిపిస్తాయి. అవి ద్రవం ఉండే గదులు, అందరికీ ఉంటాయి. ముక్కు పక్కన నల్లటి గుహలు, గాలి గదులు. పేగుల్లో నల్లటి బుడగలు, గ్యాసు. వీటిని చూసి రాత్రంతా నిద్ర మానుకునేవాళ్లున్నారు. అంతకన్నా ప్రమాదం రెండోది. ‘నేను చూశాగా, ఏం లేదు’ అనుకుని రిపోర్టులో రాసినదాన్ని పట్టించుకోకపోవడం. ఎంబీబీఎస్ తర్వాత ఏళ్ల తరబడి ఇదే పనిగా చదివినవాళ్లు మంచి మానిటర్ల ముందు కూర్చుని తేల్చే విషయమిది. ఈ ఉచిత ప్రోగ్రాముల్లో చాలావాటి తయారీదారులే ‘రోగ నిర్ధారణకి వాడొద్దు’ అని రాసిపెట్టారు.

మరి ఇంట్లో తెరిచి చూడటం ఎందుకంటారా? సీడీ చదవగలిగే స్థితిలో ఉందా, అందులో ఉన్నది మనవాళ్ల స్కానేనా, బొమ్మలన్నీ ఉన్నాయా... ఇది తెలిస్తే చాలు. అనంతపురంలో స్కాన్ తీయించుకుని వేలూరు వెళ్లినవాళ్లకి అక్కడ సీడీ తెరుచుకోకపోతే మళ్లీ స్కాన్ చేయించుకోమనొచ్చు. డబ్బు సంగతి సరే. ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే ఛాతీ సీటీలో రేడియేషన్ పదుల రెట్లు ఎక్కువ, ఊరికే రెండోసారి ఎందుకు? పాత స్కాన్‌ల విలువైతే చెప్పనే అక్కర్లేదు. ఊపిరితిత్తిలో ఓ చిన్న గడ్డ కనబడిందనుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘ఇంతకుముందు ఎప్పుడైనా సీటీ తీయించారా?’ అని. రెండేళ్ల కిందటి సీడీలోనూ ఆ గట్టి గడ్డ అదే సైజులో ఉంటే అది క్యాన్సర్ అయ్యే అవకాశం బాగా తక్కువని భావిస్తారు. అప్పుడు సూది పెట్టి ముక్క తీసే పరీక్ష తప్పిపోవచ్చు కూడా. ఆ సీడీ లేకపోతే? నెలల తరబడి ఎదురుచూపులు, మళ్లీ స్కాన్‌లు, ఇంటిల్లిపాదికీ దిగులు.

ఇంకో జాగ్రత్త. డైకామ్ ఫైల్లో బొమ్మతోపాటు రోగి పేరు, పుట్టినతేదీ, ఆస్పత్రి పేరు వగైరా ఉంటాయి. నోట్‌ప్యాడ్‌తో తెరిచినా, పిచ్చిగీతల మధ్య పేరు చదవొచ్చు. 2019లో జర్మనీకి చెందిన గ్రీన్‌బోన్ సంస్థ వెతికి చూస్తే, స్కాన్‌లు దాచే సర్వర్లు ఎన్నోచోట్ల పాస్‌వర్డు కూడా లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నాయని తేలింది. ఆ జాబితాలో మనదేశమూ ఉంది. ఆస్పత్రుల సంగతి మన చేతుల్లో లేదు. మన ఫైళ్లు కనిపించిన ప్రతి గ్రూపులోకీ పంపకుండా ఉండటం మన చేతిలోదే. ఎవరికైనా పంపాల్సొస్తే, పేరు తీసేసి దాచుకునే సదుపాయం చాలా వ్యూయర్లలో ఉంటుంది.

కొత్త ల్యాప్‌టాపుల్లో సీడీ డ్రైవే ఉండటం లేదు. కొన్ని సెంటర్లు సీడీకి బదులు లింకు పంపుతున్నాయి, కొన్నాళ్లకి అది పనిచేయకపోవచ్చు. కాబట్టి స్కాన్ చేతికొచ్చిన వారంలోనే నెట్ సెంటర్లోనో, డ్రైవు ఉన్నవాళ్ల దగ్గరో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. బొమ్మల ఫోల్డరు ఒక్కటే కాదు, ‘డైకామ్‌డిర్’ అనే ఫైలుతో సహా సీడీలో ఉన్నదంతా కాపీ చేయాలి, అది ఆ బొమ్మలకి విషయసూచిక. ఫోల్డరుకి పేరు పెట్టేటప్పుడు ‘నాన్న స్కాన్’ అని వదిలేయకుండా తేదీ, ఏ భాగానికి తీశారో కూడా రాయండి. మూడో స్కాన్ నాటికి ఏది ముందుదో వెతుక్కోవాల్సిన అవసరం రాదు.