లీపే దీవి బాగుంది, మరి ఆ నేల ఎవరిది?



మా నలుగురం థాయిలాండ్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి "ఎలా వెళ్లారు, తక్కువలో అవుతుందా" అని గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. ముందు అది చెప్పేసి, తర్వాత అసలు విషయానికి వస్తాం.

మేం వెళ్లింది కో లీపే. థాయిలాండ్‌కి దక్షిణాన, మలేషియా సరిహద్దు దగ్గర ఉన్న చిన్న దీవి. బ్యాంకాక్ నుంచి హాట్‌యాయ్‌కి రాత్రి రైలు, అక్కడి నుంచి పాక్‌బారా రేవుకి వ్యాన్, ఆపైన స్పీడ్‌బోట్‌లో గంటన్నర. బీచ్ పక్కన గదులు ఖరీదు. నాలుగడుగులు లోపలికి వస్తే రేటు బాగా తగ్గుతుంది. తిండికి బండి మీద అన్నం, చేప సరిపోతాయి. వానాకాలంలో సముద్రం బాగోదు, పడవలు తగ్గిపోతాయి, అప్పుడు వెళ్లకండి. నడుము లోతు నీళ్లలో నిలబడినా కాలివేళ్లు కనిపిస్తాయి. అంత బాగుంది, అందులో అబద్ధం లేదు.

ఇక అసలు విషయం. తూర్పున ఉన్న బీచ్‌ని టూరిస్టులు సన్‌రైజ్ బీచ్ అంటారు. థాయ్ భాషలో దాని పేరు హాట్ చావోలే, అంటే సముద్రపు మనుషుల తీరం. ఆ మనుషులే ఉరక్ లవోయ్ అనే ఆదివాసులు. వాళ్ల పేరు మీద ఉన్న తీరంలో ముందు వరసలో రిసార్టులు, వెనక ఇరుకు సందుల్లో వాళ్ల రేకుల ఇళ్లు.

వాళ్లు నిన్న మొన్న వచ్చినవాళ్లు కాదు. 1909లో సయాంకి, బ్రిటన్‌కి మధ్య సరిహద్దు ఒప్పందం జరిగిన కాలంలో, ఈ దీవుల్లో మా మనుషులే ఉన్నారని చూపించుకోవడానికి సయాం అధికారులు ఉరక్ లవోయ్‌ల్ని లీపేలో స్థిరపడమని ప్రోత్సహించారు. అంటే దేశానికి హద్దు నిలబెట్టింది వీళ్లే. 1974లో తరుతావ్ మెరైన్ నేషనల్ పార్కు వచ్చాక పక్కనున్న అడాంగ్, రావి దీవుల్లో ఉన్నవాళ్లని కూడా లీపేకే తెచ్చారు. తర్వాత టూరిజం వచ్చింది, నేలకి రేటు వచ్చింది. తాతల నాటి నేల కాగితాల్లో వేరేవాళ్ల పేరు మీదకి పోయిందని వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడుతున్నారు. 2022 చివర్లో పిల్లలు బడికి వెళ్లే దారికే కంచె పడింది. ఊరు ఊరంతా రోడ్డెక్కితే గానీ ప్రభుత్వం కమిటీ వేయలేదు.

కాగితం మీద హామీలు లేవా అంటే ఉన్నాయి. సముద్ర తెగల జీవనాన్ని, నివాసాల్ని కాపాడాలని 2010 జూన్ 2న థాయ్ క్యాబినెట్ తీర్మానం చేసింది. అది ఉండగానే పన్నెండేళ్లకి బడి దారికి కంచె పడింది. అదే దేశంలో పగడాలు పాడైపోతున్నాయని మాయా బేని 2018 జూన్ నుంచి 2022 జనవరి దాకా మూసేశారు. మంచి పనే. ఒక తీరాన్ని మూడున్నరేళ్లు టూరిస్టుల నుంచి కాపాడగలిగిన ప్రభుత్వానికి ఒక బడి దారిని కాపాడటం చేతకాని పనా?

టూరిజమే వద్దని మేం అనట్లేదు. లీపేలో లాంగ్‌టెయిల్ పడవలు నడిపేవాళ్లలో ఉరక్ లవోయ్‌లు చాలామంది. రిసార్టుల్లో పనిచేసేవాళ్లకి జీతం వస్తుంది. కానీ నేల చేతిలో లేనివాడికి టూరిజంలో దొరికేది కూలి మాత్రమే. లాభం నేల ఉన్నవాడికి పోతుంది.

ఇక్కడే మనం మన అరకు, లంబసింగి గురించి ఆలోచించాలి. వాళ్లకి లేనిది, మనకి ఉన్నది 1/70 చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970 నుంచి అది అడ్డుగా నిలబడింది. టూరిజం కోసం దాన్ని సవరించాలన్న మాట రాగానే 2025 ఫిబ్రవరిలో మన్యం 48 గంటలు బంద్ పాటించింది. "చట్టం పట్టుకుని కూర్చుంటే అభివృద్ధి ఎలా వస్తుంది" అని మన కుర్రాళ్లే కొందరు అడుగుతున్నారు. ఆ అభివృద్ధి లీపేకి వచ్చింది. ఉరక్ లవోయ్‌ల వాటా ఎంతో పైన చెప్పాం.

చట్టం ఉన్నంత మాత్రాన చాలదు కూడా. మనవాడి పేరు మీద బయటివాడు రిసార్టు కడితే అది బినామీ లీపేనే. అందుకే మన యూత్‌కి మేం చెప్పేది రెండు మాటలు. డబ్బు కోసం ఎవరికీ పేరు అరువివ్వొద్దు. హోమ్‌స్టే అయినా, క్యాంపింగ్ అయినా మనమే పెట్టుకుందాం, గ్రామసభ తీర్మానంతో పెట్టుకుందాం.

లీపే వెళ్లేవాళ్లు తప్పకుండా వెళ్లండి. ఏజెంటుని పట్టుకోకుండా తీరంలో ఉరక్ లవోయ్ పడవవాళ్లతోనే నేరుగా మాట్లాడుకోండి. వాళ్ల ఇళ్లకి, పూజలకి అడక్కుండా ఫోటోలు తీయకండి. మన ఊళ్లో టూరిస్టులు కెమెరాలు పెట్టి తిరుగుతుంటే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా.

జై ఆదివాసీ.