నవ్విన కుర్రాడితో మాట్లాడదాం, నొచ్చుకున్న మనిషి పక్కన కూర్చుందాం

హోప్ టౌన్, పానీఘాట్, బంబూఫ్లాట్ తెలుగు కుటుంబాలకు మనవి



అమ్మోరి పండగలో పూనకం వచ్చిన ఒక పెద్దావిడ వీడియో మన గ్రూపుల్లో తిరిగింది. చూడని ఇల్లు తక్కువ. పసుపు నీళ్లతో తడిసి, వేపమండలు పట్టుకుని, జుట్టు విరబోసుకుని ఊగుతున్న మనిషికి ఎవరో సినిమా డాన్సు పాట అతికించారు. కింద వరసగా పగలబడి నవ్వే బొమ్మలు, హిందీలో రాతలు. ఆవిడకి హిందీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. "ఏటి రాసినార్రా బాబూ?" అని మనవణ్ణి అడిగింది. "ఏటీ నేదు మామ్మా, బాగుందని రాసినారు" అన్నాడు వాడు. వాడి మొహం చూస్తే ఆవిడకి సంగతి తెలిసిపోయింది. మరుసటి శుక్రవారం ఆవిడ గుడికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయం. మీరూ వాకబు చెయ్యొద్దు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి మన తాతలు ఈ అండమాన్ నికోబార్ దీవులకి వచ్చినప్పుడు వలలతో పాటు గంగమ్మనీ నూకాలమ్మనీ పైడితల్లినీ మనసులో పెట్టుకుని వచ్చారు. బోటు నీళ్లలోకి దించే ముందు కొబ్బరికాయ కొట్టేది సరదాకి కాదు. 2004 డిసెంబరు 26న సముద్రం మీద పడ్డాక కూడా మళ్లీ ఆ సముద్రంలోకే వెళ్లి బతకాల్సిన మనిషికి ఏదో ఒక ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని పట్టుకుని "సునామీ రోజు మీ అమ్మోరు ఎక్కడికి పోయింది?" అని అడిగి నవ్వేవాళ్లున్నారు. ఆ రోజు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఆ మాట చదువుతారని రాసినవాడికి తట్టలేదు.

ఇదివరకు ఈ గొడవ ఇంత లేదు. శాటిలైట్ నెట్ ఉన్న రోజుల్లో ఒక ఫొటో తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలైంది. రమారమి 2,300 కిలోమీటర్ల తీగ. పిల్లల చదువుకి, ఆసుపత్రి పనికి, బ్యాంకు పనికి అది చేసిన మేలు చిన్నది కాదు. దానితో పాటే ఈ వెటకారమూ ఇంటింటికీ వచ్చింది.

వెటకారం చేసేది ఎక్కడో ఢిల్లీలో కూర్చున్న ముక్కూమొహం తెలియని వాడనుకుంటాం. ఒక్కోసారి నిజమే. మన దీవిలో మాత్రం చాలాసార్లు వాడు మనకి తెలిసినవాడే. ఛాతమ్ నుంచి బంబూఫ్లాట్ వచ్చే ఫెర్రీలో మన పక్కనే నిలబడతాడు. వాళ్ల నాన్న మనతో పాటే చేపలు అమ్ముతాడు. ఫోనులో ఎంత మాటైనా అంటాడు గానీ ఎదురుపడితే "నమస్తే ఆంటీ" అంటాడు. అందుకే మేం చెప్పేది ఒకటే: ఈ పంచాయితీని కామెంట్లలోంచి తీసి జెట్టీ మీదకి తెద్దాం. వాణ్ణి కొట్టడానికి కాదు, పదిమందిలో నిలబెట్టి పరువు తియ్యడానికీ కాదు. ఆ పెద్దావిడని ఎరిగిన ఒకరిద్దరు పెద్దవాళ్లు వెళ్లి, "బాబూ, ఆవిడ వీధిలోకి రావడం లేదు, వీడియో తీసెయ్యి" అని చెబితే చాలు. తీసేస్తాడు. తీసెయ్యకపోతే వాళ్లమ్మతో మాట్లాడదాం.

నమ్మకాన్ని ప్రశ్నించకూడదని మేం అనం. జ్వరమొచ్చిన బిడ్డని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా తాయెత్తు కట్టించే ఇల్లు కనిపిస్తే ప్రశ్నించాల్సిందే, గట్టిగానే. అలా ప్రశ్నించిన గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. దేవుడు లేడని ఊరూరా తిరిగి చెప్పారు. నిప్పుల మీద నడవడంలో మహిమ లేదని ఆ కేంద్రం వాళ్లు నడిచి చూపించారు. గోరా గారు సేవాగ్రామ్ వెళ్లి సాక్షాత్తూ గాంధీగారితోనే వాదించారు, గాంధీగారు కూర్చుని విన్నారు. ఎదురుగా కూర్చుని అడిగితే అవతలివాడికి జవాబు చెప్పే దారి ఉంటుంది. పాట అతికించి వదిలేసినవాడికి జవాబు అక్కర్లేదు, నవ్వుల లెక్క చాలు.

ఇప్పుడు మన తప్పు. అమ్మోరి వీడియోకి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్ల ఫోన్లలోంచే చర్చి ప్రార్థన వీడియోలు "గొర్రెలు" అనే మాటతో తిరుగుతున్నాయి. నమాజు మీద జోకులూ అక్కడివే. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 69 మంది హిందువులు, 21 మంది క్రైస్తవులు, 8 మందికి పైగా ముస్లింలు. నూటికి 13 మంది మాతృభాష తెలుగు, ఆ తెలుగువాళ్లలోనూ యేసుని కొలిచేవాళ్లు ఉన్నారు. 1872 ఫిబ్రవరి 8న షేర్ అలీ అనే ఖైదీ చేతిలో వైస్రాయ్ లార్డ్ మేయో చచ్చిపోయిన చోటుగానే బయటివాళ్లకి మన హోప్ టౌన్ తెలుసు. శిక్ష పడి ఇక్కడికొచ్చిన ఆనాటి ఖైదీల్లో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కొందరు మతం చూసుకోకుండా పెళ్లిళ్లు చేసుకుని, ఇక్కడే పాతుకుపోయి, ఒకే ఇంట్లో రెండు పండగలు చేసుకున్నారు. అలాంటి చోట ఉంటూ పక్కింటి ప్రార్థనని వెక్కిరించే క్లిప్పు ముందుకి పంపేవాడికి తన గంగమ్మ గురించి బాధపడే హక్కు సగం పోయినట్టే. పంపినవాళ్లు ఈ పూటే తీసెయ్యండి.

మాట పడినవాళ్లకి రెండు ముక్కలు. రాత్రి పడుకునే ముందు ఆ కామెంట్లు మళ్లీ మళ్లీ తెరిచి చూడొద్దు. తిట్టుకి తిట్టు రాయొద్దు, ఎన్ని కామెంట్లు పడితే ఆ వీడియో అంతమందికి కనబడుతుంది. స్క్రీన్‌షాట్ తీసి దాచి, బ్లాక్ చెయ్యండి, ఆ యాప్‌లోనే రిపోర్ట్ కొట్టండి. నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, ప్రభుత్వానిదే. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. దిష్టి తీయించుకోవద్దని మేం అనం, ఫోనూ చెయ్యమంటున్నాం. ఇంట్లోవాళ్లు మాత్రం "పోనీలే, పట్టించుకోకు" అని తోసెయ్యకండి. ఆ మాట విని విని ఆ మనిషి ఇక చెప్పడమే మానేస్తుంది.

బెదిరింపులు వచ్చినా, ఆడపిల్లల ఫొటో మార్చి పెట్టినా ఆలస్యం చెయ్యకుండా పోలీసు స్టేషన్‌కి వెళ్లాలి, లేదా సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. మత భావాలని కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. కానీ మీసం రాని కుర్రాడి ప్రతి పిచ్చి జోకుకీ ఆ సెక్షన్ పట్టుకుని పరుగెత్తడం మాకు ఇష్టం లేదు. ఉద్యోగం రావాల్సిన వయసులో కేసు పడితే వాడి బతుకు పోతుంది, మనకి ఒరిగేదీ ఉండదు.

వచ్చే పండగ నుంచి ఒక కట్టడి పెట్టుకుందాం. పూనకంలో ఉన్న మనిషిని, మోకాళ్ల మీద ఏడుస్తూ ప్రార్థించే మనిషిని అడగకుండా వీడియో తియ్యకూడదు. ఒంటి మీద తెలివి లేనప్పుడు "ఊ" అనలేరు కాబట్టి తెలివి వచ్చాకే అడగాలి. ఒద్దంటే చెరిపెయ్యాలి. గుడి దగ్గర కుర్రాళ్లే కాపలా ఉండాలి, ఫోను ఎత్తినవాడికి వాళ్లే చెప్పాలి.

ఈ ఆదివారం సాయంత్రం అయిదింటికి జెట్టీ దగ్గర కూర్చుంటున్నాం. గుడివాళ్లు, చర్చివాళ్లు, మసీదువాళ్లు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్లు అందరూ రండి. వీడియోలు పెట్టిన తమ్ముళ్లూ రండి, మీ పేర్లు ఎవరూ చదవరు. పెద్దవాళ్లు ఫోన్లు తెచ్చుకోండి, బ్లాక్ చెయ్యడం, రిపోర్ట్ కొట్టడం అక్కడే ఒక్కొక్కరికీ చేయించి చూపిస్తాం. ఇల్లు కదలని ఆ పెద్దావిడని తీసుకురావడానికి ఇద్దరు ఆడవాళ్లు కావాలి, ముందుగా వచ్చి చెప్పండి.

ఇట్లు,
హోప్ టౌన్ తెలుగువాళ్లం కొందరం