పీఎస్‌ఏ: అంకె ఒక్కటే తీర్పు కాదు

ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలతో పీఎస్‌ఏ రక్తపరీక్ష చిన్న పట్టణాలకూ చేరింది. నివేదికలోని అంకె చూసి హడలిపోయేవారు కొందరు, నిశ్చింతగా ఉండిపోయేవారు మరికొందరు. రెండూ ప్రమాదమే.

ప్రొస్టేట్‌ గ్రంథి తయారుచేసే ఈ ప్రొటీన్‌ మిల్లీలీటరు రక్తంలో 4 నానోగ్రాములు దాటితే క్యాన్సర్‌ను అనుమానించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. అయితే వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌ సోకినా అంకె పెరుగుతుంది. 4 నుంచి 10 మధ్య ఉన్నవారికి బయాప్సీ చేస్తే క్యాన్సర్‌ బయటపడేది సుమారు నలుగురిలో ఒకరికే. మరోవైపు, గ్రంథి పెరుగుదలకు వాడే ఫినాస్టరైడ్‌ మాత్రలు పీఎస్‌ఏను దాదాపు సగానికి తగ్గిస్తాయి. ఆ సంగతి వైద్యుడికి చెప్పకుంటే వ్యాధి మరుగున పడే ముప్పుంది.

అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య నిపుణుల బృందం 2012లో ఈ పరీక్ష అందరికీ వద్దని సూచించింది. నెమ్మదిగా పెరిగే, ప్రాణహాని లేని కణితులకూ చికిత్స చేయడంతో మూత్రం ఆపుకోలేకపోవడం, లైంగిక సమస్యలు మిగులుతున్నాయన్నది అందుకు కారణం. 2018లో 55-69 ఏళ్లవారు లాభనష్టాలను వైద్యుడితో చర్చించి నిర్ణయించుకోవాలని సవరించింది.

పీఎస్‌ఏ పెరిగితే మళ్లీ పరీక్ష, ఆపై ఎంఆర్‌ఐ, అవసరమైతే బయాప్సీ చేయించుకోవడం సరైన క్రమం. రక్తపరీక్ష అనుమానాన్నే రేకెత్తిస్తుంది, నిర్ధారించేది బయాప్సీయే.