ఏడాది ముందే వచ్చిన ఆరుగురు

'ఫ్రెండ్స్' కంటే ఏడాది ముందే 'లివింగ్ సింగిల్' వచ్చింది. హైదరాబాద్ హాస్టళ్లలో 'ఫ్రెండ్స్' డైలాగులు అప్పజెప్పే పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు? తెలియకపోతే తప్పు వాళ్లది కాదు. పేరూ ప్రచారమూ అన్నీ 'ఫ్రెండ్స్'కే దక్కాయి.

1993 ఆగస్టులో అమెరికాలో ఫాక్స్ చానల్‌లో మొదలైన 'లివింగ్ సింగిల్' సిట్‌కామ్‌ను రూపొందించింది యివెట్ లీ బౌజర్ అనే నల్లజాతి రచయిత్రి. బ్రూక్లిన్‌లో ఒక పాత మేడ. ఒక వాటాలో ముగ్గురు అమ్మాయిలు, ఇంకో వాటాలో ఇద్దరు అబ్బాయిలు. వేళకి వచ్చి ఆ అమ్మాయిల ఫ్రిజ్ ఖాళీ చేసే లాయర్ మాక్సీన్ ఆరో మనిషి. ఆరుగురూ నల్లజాతివాళ్లే. ఆ అమ్మాయిల్లో క్వీన్ లతీఫా వేసిన ఖదీజా సొంతంగా 'ఫ్లేవర్' అనే పత్రిక నడుపుతుంది. అబ్బాయిల్లో కైల్ షేర్ల బ్రోకరు, ఓవర్టన్ మరమ్మతుల పనివాడు.

ఈ సీరియల్లో నాకు బాగా నచ్చింది పనికి ఇచ్చిన చోటు. ఖదీజాకు పత్రికే ప్రాణం. దాని డబ్బు ఇబ్బందులు కథలోకి వస్తూనే ఉంటాయి. 'ఫ్రెండ్స్'లో మోనికాకు అంత పెద్ద ఇల్లు ఎలా వచ్చిందంటే, అది అద్దె పెరగని, బామ్మ వాటా అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లారు. ఆరుగురిలో ముగ్గురికి హోటల్ బిల్లు బరువైన ఎపిసోడ్ ఒకటుంది, అది నిజంగా గొప్పది. కానీ జీతం, గిరాకీ, చేతిలో ఉన్న పని ఇవన్నీ కథకు వెన్నెముకగా నిలిచింది 'లివింగ్ సింగిల్'లోనే. మాక్సీన్‌ని చూసి స్ఫూర్తి పొందామని స్టేసీ అబ్రమ్స్, అయానా ప్రెస్లీ వంటి రాజకీయ నాయకులు చెప్పారు. ఒక హాస్య పాత్రకు అంతకంటే ఏం కావాలి?

రెండూ వార్నర్ బ్రదర్స్ నిర్మించినవే. 1996లో 'ఫ్రెండ్స్' నటులు ఆరుగురూ ఒక్కమాట మీద నిలబడి అందరికీ ఒకటే పారితోషికం కావాలన్నారు. చివరి రెండు సీజన్లకు వచ్చేసరికి ఒక్కొక్కరికి ఎపిసోడ్‌కు 10 లక్షల డాలర్లు అందాయి. ఆ ఐకమత్యం నాకెంతో ఇష్టం. అదే కాలంలో తమ బృందాన్ని తక్కువగా చూస్తున్నారని అడిగినందుకే తాను పాత్ర పోగొట్టుకున్నానని, కైల్ వేషం వేసిన టి.సి. కార్సన్ తర్వాతి రోజుల్లో చెప్పారు. అడిగింది రెండు చోట్లా న్యాయమే. దక్కింది ఒక చోటే. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే.

'లివింగ్ సింగిల్' 118 ఎపిసోడ్లతో 1998 జనవరిలో ముగిసింది. సరిగ్గా దానికి రెట్టింపు, 236 ఎపిసోడ్లు నడిచిన 'ఫ్రెండ్స్' చివరి భాగాన్ని 2004 మేలో అమెరికాలో 5 కోట్ల మందికి పైగా చూశారు. 2020లో 'ఫ్రెండ్స్' నటుడు డేవిడ్ ష్విమర్ ఒక ఇంటర్వ్యూలో అందరూ నల్లజాతివాళ్లే ఉండే 'ఫ్రెండ్స్' రావచ్చేమో అన్నప్పుడు, మాక్సీన్ పాత్రధారిణి ఎరికా అలెగ్జాండర్ ఊరుకోలేదు. అసలు నమూనా మాదేనని బహిరంగంగా గుర్తుచేశారు. ఆమె అన్నది అక్షరాలా నిజం.

'ఫ్రెండ్స్' సృష్టికర్తల్లో ఒకరైన మార్తా కౌఫ్‌మన్ తమ సీరియల్లో నల్లజాతి పాత్రలకు తగినంత చోటివ్వలేదని విచారం చెప్పి, 2022లో బ్రాండైస్ విశ్వవిద్యాలయానికి 40 లక్షల డాలర్లు ప్రకటించారు. మంచి పనే. అయినా ఏడాది ముందు దారి వేసినవాళ్ల పేరు చెప్పకుండా ఈ లెక్క తేలదు.

'ఫ్రెండ్స్'ను ప్రేమించేవాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, నేనూ ప్రేమించాను. అడిగేది ఒక్కటే. ఈసారి దాన్ని మళ్లీ మొదటినుంచి చూడబోయే ముందు, 'లివింగ్ సింగిల్' ఎక్కడ దొరికితే అక్కడ, మొదటి సీజన్ చూడండి. మీ పిల్లలకూ చూపించండి.