ఊరి పేరున్న రాయి, రాశి పేరున్న రాయి

కెంపు సూర్యుడిది, నీలం శనిది, కనక పుష్యరాగం గురుడిది. జ్యోతిషంలో సూర్యుడికీ శనికీ పడదు. ఒకరి రాయి వేలికుండగా రెండోవారి రాయి పెట్టుకోకూడదంటారు. ఖనిజశాస్త్రం దగ్గరకొస్తే ఈ మూడు రాళ్లూ ఒకటే. దాని పేరు కోరండం, అంటే స్ఫటికంగా ఏర్పడిన అల్యూమినియం ఆక్సైడ్. అందులో రవ్వంత క్రోమియం చేరితే ఎరుపు, ఇనుమూ టైటానియమూ కలిసి చేరితే నీలం, ఇనుము ఒక్కటే చేరితే పసుపు. బుధుడి పచ్చకు ఆకుపచ్చ రంగు తెచ్చేది కూడా చాలావరకు ఆ క్రోమియమే. చంద్రుడి ముత్యం, కుజుడి పగడం రెండూ కాల్షియం కార్బనేట్. సున్నపురాయిలో ఉండేదీ అదే. తొమ్మిది గ్రహాలకు తొమ్మిది శక్తులని భయభక్తులతో చెప్పుకునే జాబితాలో ఐదు రాళ్లు కలిపితే రెండే పదార్థాలు. ఇక రాహువుకు గోమేధికం, కేతువుకు వైడూర్యం అంటారు. రాహుకేతువులు ఆకాశంలో చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఖండించుకునే రెండు బిందువులు. కిరణం పంపడానికి అక్కడ వస్తువంటూ ఏదీ లేదు.

నేనుండేది సూరత్‌లోని గోడాదరాలో. ఇక్కడా, పక్కనున్న లింబాయత్, డిండోలీల్లోనూ కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా సాంచాల మీద బతుకుతున్నాయి. ఈ బట్టల నగరమే వజ్రాల నగరం కూడా కాబట్టి రత్నాల ప్రదర్శనలకు కొదవ లేదు. నగలు కొనే స్తోమత లేకపోయినా నేను వాటికి వెళ్తాను. రాళ్లు చూడడం, దొరికితే చిన్న ముక్క తెచ్చుకుని దాని పుట్టుక తెలుసుకోవడం నాకు ఇష్టం. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, ఇక్కడి వజ్రాల పనివాళ్ల మాటలో ఐగ్లాస్, ఎప్పుడూ జేబులో ఉంటుంది.

అలా వెళ్లిన ఒక ప్రదర్శనలో రెండు బల్లలు పక్కపక్కనే వేసి ఉన్నాయి. మొదటి బల్ల మీద అరచేయంత నల్లరాతి ముక్క. దాని గుంతలో లేత నారింజ రంగు పలకలు ఒకదానికొకటి ఆనుకుని పెరిగాయి. వాటి మధ్య నీళ్లంత తేటగా, నలుచదరపు మొనలతో మరో స్ఫటికం. ముందు చిన్న చీటీ: స్టిల్బైట్, అపోఫిలైట్, జల్‌గావ్, మహారాష్ట్ర. ఉధనాలో భుసావళ్ వైపు రైలెక్కితే వచ్చే జల్‌గావే అది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పారిన లావా గడ్డకట్టేటప్పుడు అందులో వాయు బుడగలు మిగిలిపోయాయి. తర్వాత నీళ్లు ఆ ఖాళీల్లోకి దిగి, కరిగించి తెచ్చిన పదార్థాలను మెల్లమెల్లగా అక్కడ వదిలాయి. నాసిక్ దగ్గర సిన్నర్‌లో గర్‌గోటి మ్యూజియం నిండా ఇలాంటివే. అమెరికాలోని టూసాన్‌లో 1955లో స్థానిక ఔత్సాహికులు ఒక బడిలో మొదలుపెట్టిన ఖనిజాల ప్రదర్శన ఇప్పుడు ఊరంతా పరుచుకునే జాతర అయింది. అక్కడా దక్కన్ రాళ్లకు మంచి పేరుంది. రాళ్లు సేకరించేవాళ్లకు చీటీ మీద ముఖ్యమైనది దొరికిన చోటు. చోటు తెలియని రాయి ఎంత అందంగా ఉన్నా సగం విలువ పోయినట్టే. చీటీ మీది చోటు నిజమో కాదో ఎవరైనా వెళ్లి తేల్చుకోవచ్చు మరి.

రెండో బల్ల మీద రాళ్లకు ఊరు లేదు. మేషం, వృషభం, మిథునం అని రాశుల పేర్లున్నాయి. కింద చిన్న అక్షరాల్లో ఉద్యోగం, పెళ్లి, కోర్టు కేసు, షుగరు. అక్కడ మా పేటలోనే ఉండే ఒక పెద్దావిడ నన్ను పట్టుకుంది.

"తమ్మీ, నీ దగ్గర అద్దం ఉన్నదిగా. గీ నీలం అసలుదేనా జర చూడు. పెద్దోనికి పని పోయింది. ఏలినాటి శని నడుస్తుందన్నరు. ఇది పెడితే మళ్ల పని దొరుకుతదంట."

ఐగ్లాస్ పెట్టి వెలుతురుకు తిప్పి చూశాను. రాయి లోపల గ్రామఫోన్ రికార్డు మీది గాళ్లలాగా వంపు తిరిగిన సన్నని గీతలు, వాటి పక్కన రెండు గుండ్రటి బుడగలు. భూమిలో పెరిగిన నీలంలో గీతలు తిన్నగా ఉండి కోణాలు తిరుగుతాయి. ఇలా వంపు తిరిగాయంటే మంటలో అల్యూమినియం ఆక్సైడ్ పొడి కరిగించి చేసిన రాయి. ఆగస్ట్ వెర్న్యూయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఈ పద్ధతిని 1902లో ప్రకటించాడు.

"అక్కా, ఇది కొలిమిలో చేసింది" అన్నాను. అమ్మేవాడు ఏమాత్రం తడుముకోలేదు. లోపలి నుంచి ఇంకో నీలం తీశాడు, దానికి ప్రయోగశాల సర్టిఫికెట్ ఉంది, ధర ఎన్నో రెట్లు. ఆవిడ దాని వంక ఆశగా చూసింది. ఈ వ్యాసం రాయించింది ఆ చూపే. అసలుదా నకిలీదా అని అడిగినంతసేపూ, అసలుదైతే పనిచేస్తుందన్న మాటను మనం ఒప్పేసుకున్నట్టే. సర్టిఫికెట్ చెప్పేది రాయి ఏమిటి, బరువెంత, వేడిచేశారా లేదా అన్న సంగతులు. శని గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. కానీ ఆ కాగితం మీది గౌరవమంతా పక్కనున్న రాశి పట్టికకు అరువుగా వెళ్తోంది. శాస్త్రం తేల్చిన ఒక నిజాన్ని చూపించి, శాస్త్రం ఎన్నడూ చెప్పని మాటను అమ్ముతున్నారు.

"నీలం అందరికీ పడదు, మూడు రోజులు దిండు కింద పెట్టుకుని చూడాలి" అన్న ఆచారం మన ఇళ్లలో ఉంది. అది పరీక్షలా కనిపిస్తుంది, అందుకే చదువుకున్నవాళ్లు కూడా దానికి లొంగుతారు. ఏం జరిగితే పడినట్టో, ఏం జరిగితే పడనట్టో ముందే రాసిపెట్టుకున్నది లేదు. పీడకల వస్తే పడలేదంటారు, రాకపోతే పడిందంటారు. ఆ మూడు రోజుల్లో బండి పంక్చరైనా రాయి ఖాతాలోకే పోతుంది. నిజంగా పరీక్షించాలంటే నీలాలు కొన్ని, అదే రంగు గాజు ముక్కలు కొన్ని తీసుకుని ఒకే రకం పొట్లాల్లో మూసెయ్యాలి. ఏది ఎవరికిచ్చారో పెట్టుకునేవాళ్లకూ తెలియకూడదు, ఫలితం రాసుకునేవాళ్లకూ తెలియకూడదు. ఖర్చు పెద్దగా లేని పని. ఇన్ని తరాలుగా రత్నాలు సిఫారసు చేస్తున్నవాళ్లు ముందుకొచ్చి ఇది చేసి చూపించాల్సింది.

జాతకం చదవడం సంగతికొస్తే అలాంటి పరీక్ష జరిగింది కూడా. 2008లో పుణెలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, హేతువాది నరేంద్ర దాభోల్కర్ తదితరులు కలిసి చేశారు. చదువులో చురుకైన పిల్లల జాతకాలు 100, మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలు 100 సేకరించారు. 27 మంది జ్యోతిషులు ఒక్కొక్కరు 40 జాతకాలు చూసి ఏది ఎవరిదో చెప్పారు. సరైన జవాబులు సగటున 46 శాతం. నాణెం ఎగరేసినా సగం దాకా వస్తాయి. జాతకమే చదవలేనప్పుడు దాని ఆధారంగా రాసిచ్చే రాయికి పునాది ఎక్కడుంది? దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ప్రశ్న అడిగినందుకు ప్రాణం పోగొట్టుకున్న మనిషిని తలచుకోకుండా ఈ విషయం రాయలేను.

రాయికి శక్తి ఉందా అన్న ప్రశ్న సూరత్‌లో ఉన్నవాళ్లకు మరింత దగ్గరది. ఇప్పుడు ఇక్కడ యంత్రాల గదుల్లో కొన్ని వారాల్లో వజ్రం పెరుగుతోంది. 2023 జూన్‌లో ప్రధాని మోదీ అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య జిల్ బైడెన్‌కు ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రం అలా సూరత్‌లో తయారైనదే. గనిలో దొరికినదీ కార్బనే, ఇదీ కార్బనే, స్ఫటిక నిర్మాణమూ ఒకటే. ఏళ్ల తరబడి ఘంటీ (సాన చక్రం) దగ్గర కూర్చుని సాన పట్టిన రత్నకళాకారుడు కూడా ఐగ్లాస్‌తో తేడా చెప్పలేడు. అందుకు వేరే యంత్రాలు కొనాల్సిందే. గని వజ్రానికి జ్యోతిషం చెప్పే శుక్రుడి శక్తి ఉండి, గది వజ్రానికి లేకపోతే, ఆ శక్తిని పట్టగల జ్యోతిషుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే వ్యాపారికి లక్షల రూపాయల యంత్రం అవసరం ఉండదు. వజ్రంతో బతికే ఇంత పెద్ద మార్కెట్లో ఆ పని ఎవరూ చెయ్యడం లేదు. శుక్రుడి రాయిని రోజంతా వేళ్లతో పట్టుకునే కార్మికుల బతుకైనా చూడండి. మాంద్యంలో వేల మందికి పని పోతే, 2025 మేలో ప్రభుత్వం వాళ్ల పిల్లల బడి ఫీజుకు సాయం ప్రకటించాల్సి వచ్చింది.

"జన్మరత్నం" అని నెలల వారీగా కొనే కుర్రకారుకు ఒక సంగతి. ఇప్పుడు చెలామణిలో ఉన్న ఆ పట్టికను అమెరికా నగల వర్తకుల సంఘం 1912లో ఖరారు చేసింది. 1967లో టాంజానియాలో దొరికిన టాంజనైట్‌ను 2002లో డిసెంబరు రాళ్లలో చేర్చారు. అంతకు ముందు డిసెంబరులో పుట్టినవాళ్లకు లోటేమీ జరగలేదు.

అనుభవాలన్నీ అబద్ధమని నేను అనడం లేదు. స్ఫటికమాల వేసుకుంటే చలవగా ఉంటుందంటారు, నిజమే. క్వార్ట్జ్ గాజు కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి చర్మానికి చల్లగా తగులుతుంది. రాళ్లు చూసేవాళ్లు గాజుపూసను పట్టుకోవడానికి చెంపకు ఆనించి చూసేది ఇందుకే. ఆ చల్లదనం చర్మం దాటి బీపీ దాకా వెళ్లదు.

రాయి పుట్టుకను నమ్మకం కప్పెయ్యడం శిలాజాల దగ్గర ఇంకా బాధ పెడుతుంది. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో చక్రం గుర్తు అమ్మోనైట్ అనే సముద్ర జీవి గవ్వ వదిలిన అచ్చు. ఇవాళ హిమాలయాలున్న చోట దాదాపు 15 కోట్ల ఏళ్ల కిందట సముద్రం ఉండేదనడానికి అది సాక్ష్యం. అదే కాలపు అమ్మోనైట్లు మన గుజరాత్‌లోని కచ్‌లో నేల మీద పడి ఉంటాయి. వాటికి పూజ లేదు, మడి లేదు, నైవేద్యం తప్పితే అరిష్టమన్న భయం లేదు. ఇంగ్లండ్‌లోని విట్బీలో ఇలాంటి అమ్మోనైట్లనే హిల్డా అనే సన్యాసిని రాళ్లుగా మార్చిన పాములన్నారు. అమ్మేవాళ్లు వాటికి పాము తలలు కూడా చెక్కారు. మన పురాణంలోనేమో తులసి శాపంతో విష్ణువు శిల అయ్యాడు. అంత చోటు స్త్రీకి ఇచ్చిన కథను చెప్పుకుంటూనే, స్త్రీలు సాలగ్రామాన్ని ముట్టకూడదని నియమం పెట్టారు. ఒక గవ్వ అచ్చును ముట్టుకోవడానికి మా అమ్మకు లేని అర్హత నాకు ఎలా వచ్చింది? దీనికి ఇంతవరకూ ఏ పెద్దాయనా నాకు జవాబు చెప్పలేదు.

మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో రైతులు పొలాల్లో దొరికిన గుండ్రాళ్లను పశువులను కాచే దైవంగా కొలిచేవారు. అవి డైనోసార్ గుడ్లని శాస్త్రవేత్తలు చెప్పిన సంగతి 2023లో పత్రికల్లో వచ్చింది. ఆ రైతుల మీద నాకు చిన్నచూపు లేదు. పగలగొట్టకుండా కాపాడింది వాళ్లే. వాళ్లకు ఆ గుడ్ల కథ చెప్పే పుస్తకం అంతకాలం చేరకపోవడం మన తప్పు.

ఇక ఈ రాళ్ల వెనుకున్న మనుషులు. ప్రదర్శనల్లో "హీలింగ్" మాలలుగా అమ్మే ఎర్ర అకీకు పూసల్లో చాలావాటి పుట్టిల్లు గుజరాతే. భరూచ్ జిల్లా రతన్‌పూర్ దగ్గర రాయి తవ్వుతారు. దాన్ని కాల్చితే అందులోని ఇనుము ఎర్రబారుతుంది. ఆ పని లోథల్‌లో హరప్పా కాలంలోనే తెలుసు. ఖంభాత్‌లో సాన పట్టే కార్మికుల ఊపిరితిత్తుల్లోకి ఆ సిలికా దుమ్ము పోయి సిలికోసిస్ వస్తుంది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ దీన్ని అధ్యయనం చేసింది. ఆరోగ్యం ఇస్తుందని మనం మెడలో వేసుకునే పూస, తయారుచేసినవాడి ఊపిరి తీసింది. చీటీ మీద రాశి పేరు రాసిన క్షణాన రతన్‌పూర్, ఖంభాత్ ఆ చీటీ నుంచి మాయమవుతాయి, వాటితోపాటు ఆ మనిషీ మాయమవుతాడు.

జబ్బులు నయం చేస్తాయని తాయెత్తులనూ కవచాలనూ ప్రకటించడం 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం కింద నేరం. రాశి బల్ల మీద "షుగరు" అని రాయడం ఆ పరిధిలోకే వస్తుందని నా అభిప్రాయం. ప్రదర్శన నిర్వాహకులు బల్ల అద్దెకిచ్చే ఒప్పందంలోనే జబ్బుల పేర్లు రాయకూడదన్న మాట రాయించుకోవచ్చు. ఖనిజం పేరు, దొరికిన చోటు, వేడిచేశారా, పగుళ్లలో గాజు నింపారా, గదిలో పెంచారా అన్న వివరాలు ప్రతి చీటీ మీదా ఉండాలని షరతు పెట్టవచ్చు. అడిగేవాళ్లుంటే వాళ్లు పెడతారు. కొనేటప్పుడు మనమే అడగాలి.

గోడాదరా, లింబాయత్ తెలుగు సంఘాల పెద్దలకు నా విన్నపం ఒకటుంది. ఏటా పిల్లలను తీర్థయాత్రలకు తీసుకెళ్తున్నారు. ఈసారి ఒక బస్సు బాలాసినోర్ దగ్గరి రైయోలీకి వెయ్యండి. 2019లో అక్కడ డైనోసార్ మ్యూజియం తెరిచారు. గుడ్లు దొరికిన నేల పక్కనే ఉంది. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూపించండి. అది పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికింది, మన గోదావరి నేల మీద తిరిగిన జంతువు. ఖర్చుకు చందా వేసుకుందాం, నా వంతు నేనిస్తాను. పని పోయిన ఆ కుర్రాడి విషయం కూడా ఆ మీటింగులోనే మాట్లాడదాం: మన సాంచాల యజమానుల్లో ఎవరి దగ్గర ఖాళీ ఉందో పేర్లు రాసుకుని, నీలం కొనేలోపు వాళ్లమ్మ చేతికిద్దాం.