పెద్ద బండితో ఎనిమిది వానకాలములు



ఈ నెల ఈ శీర్షికలో వాక్యధ్యానము కాక ఒక ఇంటి సంగతి వ్రాయుచున్నాము. కొంతకాలముగా మన సంఘములలోని తల్లిదండ్రులు మమ్మును ఒకే ప్రశ్న అడుగుచున్నారు. "అయ్యగారూ, మీరు తోలే లాంటి పెద్ద బండి మావోడు కొనమంటన్నాడండి. ఎంతవుతాదండి? మంచిదేనాండి?" యౌవనస్థులైతే ధర కూడ అడుగరు. ఆరాధన ముగిసి చెప్పులు తొడుగుకొనక ముందే బండి చుట్టు మూగి హేండిలు పట్టుకొని చూచెదరు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకన్న అందరికి ఒకేసారి వ్రాయుట మేలని తోచినది.

మా బండి కంపెనీ పేరు వ్రాయము, ఇది ప్రకటనల పుట కాదు గనుక. రకము మాత్రము చెప్పెదము. రోడ్డు మీదను, రోడ్డు లేని చోటను నడుచుటకు చేసిన పొడుగు బండి. అడ్వెంచర్ బండి అందురు. 1980లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. వారు 800 సీసీ జి.ఎస్. బండి తెచ్చినప్పటినుండి ఈ తరగతికి పేరు వచ్చినది. అక్కడ ఇప్పుడు వెయ్యి సీసీ దాటినవియు ఉన్నవి. మన దేశములో సామాన్యుడు తలంచగల ధరకు వచ్చినది 2016లో, రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 411 సీసీ హిమాలయన్ విడుదల చేసినప్పుడు. అప్పుడు దాని ధర లక్షన్నర పైచిలుకు. 2023 నవంబరులో దాని స్థానమున వచ్చిన 452 సీసీ బండి రెండు లక్షల డెబ్బై వేలకు చేరువలో మొదలైనది. ఈ తరగతి బండి నొకదానిని మేము 2017 డిసెంబరులో తీసికొన్నాము. నేటికి 82,000 కిలోమీటర్లు తిరిగినది. సొమ్ము ఎక్కడిదని మనసులో అనుకొనువారు ఉందురు గనుక అదియు చెప్పెదము. సగము మా పొదుపు, సగము బ్యాంకు అప్పు. అప్పు మూడేండ్లకు తీరినది. సంఘపు కానుకల పెట్టెను గాని, మా మామగారి గడపను గాని ముట్టలేదు.

అంతకుముందు మాకు ఒక 100 సీసీ బండి ఉండెడిది. మాకు అప్పగింపబడిన ఆరాధన స్థలములు పదునాలుగు. అవి అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట మండలములలో చెదరియున్నవి. శృంగవరపుకోట దాటి ఘాటెక్కి అరకు చేరువరకు తారురోడ్డే, దానికి ఏ బండియైనను చాలును. కష్టమంతయు రోడ్డు దిగిన తరువాత. జూన్ మొదలు అక్టోబరు వరకు ఎఱ్ఱమట్టి సబ్బువలె జారును. గెడ్డలు దాటవలెను. కొండమీదికి ఎక్కు దారిలో పిడికిలంత రాళ్లు, తలకాయంత రాళ్లు. చిన్న బండి ముందు చక్రము ఆ రాళ్లలో ఇరుక్కొని ప్రక్కకు తిరిగిపోవును. పెద్ద బండి ముందు చక్రము 21 అంగుళములది. అది రాయిని గ్రుద్దుకొనక ఎక్కి దిగును. ఇంజను అడుగు నేలకు జానెడు ఎత్తున ఉండును. షాకబ్జార్బర్లు పొడుగు. వెనుక పాటల పుస్తకముల పెట్టె, మందుల సంచి, ఒక్కొక్కప్పుడు హార్మోనియము కట్టి రెండవ గేరులో మెల్లగా ఎక్కించుకొని పోవచ్చును. ముప్పది కిలోమీటర్లు అట్టి దారిలో పోయివచ్చినను మరునాడు నడుము పట్టదు. నలుబది దాటినవారికి ఇది చిన్న సంగతి కాదు.

జాన్ వెస్లీగారు గుఱ్ఱముమీద కూర్చుండి పగ్గము వదులుగా విడిచి పుస్తకములు చదువుకొనుచు పోయెడివారట. ఆయన మా ముంచంగిపుట్టు వైపు రాలేదు గనుక అది సాగినది.

ఇక బరువు సంగతి. దుకాణములో బండిని చూచువారికి ఇది తెలియదు. ఊరిలో అందరు తోలు చిన్న బండి 110 కిలోలకు అటు ఇటు ఉండును. ఇది 190 కిలోలు. నడుచునప్పుడు ఆ బరువు మేలే, గాలికి కదలదు. బురదలో ప్రక్కకు ఒరిగినప్పుడు తెలియును. పడిన పెద్ద బండిని ఒంటరిగా లేపు విధానము ఒకటున్నది. గేరులో ఉంచవలెను, బండి కుడి ప్రక్కకు పడియున్న యెడల సైడు స్టాండు ముందుగానే తీసియుంచవలెను. తరువాత బండికి వీపు ఆనించి, ఒక చేతితో హేండిలు, మరొక చేతితో వెనుక రాడ్డు పట్టి, కాళ్లతో నెట్టుచు వెనుకకు అడుగులు వేయవలెను. నడుముతో ఎత్తరాదు. ఇది మేము వందసార్లకు తక్కువ కాకుండ చేసియున్నాము. చిన్న బండియైతే ఒక చేతితో లేపి గెడ్డలో తోసికొని పోవచ్చును. అయిదడుగుల కుఱ్ఱవానికి ఈ బండిమీద కాలు నేలకు అందదు. మన కొండ కుటుంబములలో బండి ఇంటిల్లిపాదిదని మరువవద్దు. తమ్ముడు తోలవలెను, బావ తోలవలెను, సంతకు చోళ్ల బస్తా, పసుపు బస్తా పోవలెను. వెనుక సీటు ఎత్తు గనుక చీర కట్టిన స్త్రీలకు ఎక్కుట కష్టము. మా సతీమణి ఇప్పటికిని ఏదైన గట్టు ప్రక్కన ఆపితే తప్ప ఎక్కదు.

ఖర్చు వ్రాయుమని అడిగినవారికి మా పుస్తకములోని లెక్క ఇది. ఏటికి సుమారు 10,000 కిలోమీటర్లు తిరుగుదుము. మా బండి లీటరుకు 28 ఇచ్చును, చిన్న బండి 60 ఇచ్చును. లీటరు 110 రూపాయల లెక్కన పెట్రోలులోనే ఏటికి 20,000 పైగా తేడా. థర్డ్ పార్టీ బీమా 2022 జూన్ 1 నుండి నిర్ణయించిన రేటు 350 సీసీ దాటిన బండికి ఏటికి 2,804 రూపాయలు, 75 నుండి 150 సీసీ లోపు బండికి 714. చైను సెట్టు, రెండు టైర్లు, బ్రేకు ప్యాడ్లు, ఫోర్కు ఆయిల్ సీళ్లు, ఇవన్నియు రాతి దారిలో త్వరగా అరుగును. బండి తప్పు కాదు, దారి గుణము. అన్నియు కలిపి సగటున మాకు ఏటికి 55,000 దాకా అగుచున్నది. కొన్న ధర ఇందులో లేదు. క్రొత్తగా కొనువారు మరియొకటి తెలిసికొనవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీ వరకు ఉన్న బండ్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది, అంతకు మించిన బండ్లపై 40 శాతమైనది. ప్రభుత్వమే ఇది విలాసమని లెక్కగట్టినది. మా సంఘపెద్ద ఒకరు ఆ వార్త చదివి మాకు ప్రత్యేకముగా వినిపించినారు.

డబ్బుకన్న కాలము పెద్ద ఖర్చు. చిన్న బండిని అరకులోనో పాడేరులోనో ఏ మెకానిక్కైనను విప్పి బిగించును, సామాను సంతలో సైతము దొరకును. మా బండికి ఒకసారి క్లచ్ ప్లేట్లు కావలసివచ్చి విశాఖపట్నములో పదునెనిమిది దినములు నిలిచిపోయినది. ఆ పదునెనిమిది దినములు మేము జీపులలోను కాలినడకను తిరిగినాము. అందుచేత కొన్ని పనులు మేమే నేర్చుకొన్నాము. వారమున కొకసారి చైను కిరోసినుతో, అది దొరకనప్పుడు డీజిలుతో తుడిచి నూనె వేయుట, మడ్‌గార్డు క్రింద పేరుకొన్న ఎఱ్ఱమట్టి ఎండకముందే పుల్లతో గీకుట, స్పోకులు బిగువు చూచుట, ట్యూబు పంచరు వేసికొనుట. టైరు లివర్లు, చేతిపంపు లేకుండ ఆ దారిలో పోవువాడు ధైర్యవంతుడు కాదు, దారి తెలియనివాడు.

ఘాటులో దిగునప్పుడు యౌవనస్థులు చేయు ఒక పని చూచి మాకు భయము వేయును. పెట్రోలు మిగులునని ఇంజను ఆపి బండిని జారవిడుతురు. పెద్ద బండికైనను చిన్న బండికైనను ఇది ప్రాణాంతకము. రెండవ గేరులోనో మూడవ గేరులోనో దిగినయెడల ఇంజనే బండిని పట్టుకొనును, బ్రేకులు వేడెక్కవు. మా 2017 బండికి ఏ.బి.ఎస్. లేదు. 2019 ఏప్రిల్ నుండి 125 సీసీ దాటిన క్రొత్త బండ్లన్నిటికి అది తప్పనిసరియైనది. పాత బండి బేరమాడువారు ఇది చూచుకొనవలెను. నవంబరు మొదలు జనవరి వరకు వలిసె పూలు, మంచు చూచుటకు వచ్చు కార్లు ఆదివారమున ఘాటు నిండ ఉండును. ఉదయపు మంచులో ఎదుటి లారీ పది గజములకు గాని కనబడదు. హెల్మెట్టు తోలువానికి మాత్రమే కాదు, వెనుక కూర్చుండువారికి కూడ చట్టము చెప్పుచున్నది. తల్లిని వెనుక ఎక్కించుకొని తాను మాత్రము హెల్మెట్టు పెట్టుకొను కుమారుని చూచినప్పుడు ఏమనవలెనో మాకు తెలియదు.

రోగులను మోయుదుము గదా, దానికైనను పెద్ద బండి కావలెను గదా అని కొందరు అందురు. ఇందులో నిజమున్నది, పూర్తిగా కాదు. ఒకసారి చెట్టుమీదనుండి పడి చేయి విరిగిన ముసలాయనను తువ్వాలుతో మా నడుముకు కట్టుకొని క్రిందికి తెచ్చితిమి. అయితే నొప్పులు పడుచున్న స్త్రీని ఏ మోటారు సైకిలు మీదను ఆ రాళ్లలో తీసికొని రారాదు. ఆమెకు డోలీయే మేలు. ఒకప్పుడు దొరలను మోసిన డోలీ నేడు రోగులను మోయుచున్నది. అట్టి సమయమున మేము చేయునది వేరు. నర్సమ్మగారిని బండిమీద పైకి తీసికొనిపోవుదుము, డోలీ క్రిందికి బయలుదేరును, త్రోవలో కలిసికొందురు. ఒక గంట కలిసివచ్చును. 2018లో ప్రభుత్వము ఏజెన్సీలో ఫీడర్ అంబులెన్సులను పేరుతో మోటారు సైకిలు అంబులెన్సులు ప్రవేశపెట్టినది. అవియు పెద్ద రోడ్డువరకు చేర్చుటకే. మంచి సమరయుడు గాయపడినవానిని ఎక్కించిన వాహనము గాడిదయో గుఱ్ఱమో లూకా వ్రాయలేదు. అది ఎంత ఖరీదో అసలే వ్రాయలేదు.

ఇప్పుడు ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము చెప్పెదము. మా సంఘములో ఒక కుటుంబమునకు రెండెకరముల కాఫీ తోట ఉన్నది. సిల్వర్ ఓకు చెట్లకు మిరియపు తీగెలు ప్రాకించినారు. మంచి కష్టజీవులు. వారి కుమార్తెకు సంబంధము కుదిరినది. వరునివారు "అయ్యగారి బండి లాంటిది" అడిగినారు. ఆ తండ్రి మా యొద్దకు వచ్చి ఏ రంగు మంచిదని అడిగెను. రంగు తరువాత చూతము, సొమ్ము ఎక్కడిదంటిమి. వచ్చే కాఫీ పంట మీద షావుకారు ముందుగా ఇచ్చెదనన్నాడట. ఆ ధరకు పంట ముందే వ్రాసియిచ్చినయెడల కోత కోసినను చేతికి ఏమి వచ్చును?

రెండు కుటుంబములను పిలిపించి, పైన వ్రాసిన లెక్కయంతయు పాత క్యాలెండరు వెనుక వ్రాసి చూపితిమి. కట్నము అడుగుట, ఇచ్చుట, పుచ్చుకొనుట మూడును 1961 చట్టము ప్రకారము నేరమని కూడ చెప్పితిమి. అక్కడ వరుని నాయనమ్మ ఉండెను. మన కొండ జాతులలో పెద్దల కాలమున వరునివారే కన్యకు ఓలి ఇచ్చెడివారు, కట్నము మైదానమునుండి ఘాటెక్కి వచ్చినది. ఆ ముసలమ్మ అన్నది: "నన్ను తెచ్చుకోడానికి మా ముసిలోడు రెండావులిచ్చాడు. ఇప్పుడీడికి వాళ్లు ఎదురు బండియ్యాలా?" అందరు నవ్విరి. వరుని తండ్రి నవ్వలేదు. ఆలోచించి చెప్పెదమని లేచిపోయెను. పిల్లను మా సతీమణి లోపలికి తీసికొనిపోయి అడిగినది. పెండ్లి తనకు ఇష్టమే, నాన్న తోట పోకూడదన్నదట.

మరి మీరెందుకు ఉంచుకొన్నారని పాఠకులు అడుగవచ్చును. మా పెద్దలు కూడ అడిగినారు. ఇప్పుడు రాజమండ్రినుండి పాడేరు, అరకు మీదుగా విజయనగరమునకు 516ఇ జాతీయ రహదారి ఉన్నది. గూడెములకు సిమెంటు రోడ్లు పడుచున్నవి. పదునాలుగింటిలో తొమ్మిది స్థలములకు చిన్న బండి చాలును. మిగిలిన అయిదింటికి రోడ్డు వచ్చువరకు దీనిని నడిపించి, తరువాత చిన్నదానికి మారుదుమని చెప్పితిమి. వారు సరేనన్నారు. అమ్మితే ఇప్పుడు పెద్దగా రాదు కూడ.

ఇది వ్రాయు నాటికి నెల గడచినది. నిశ్చితార్థము ఆగియున్నది. షావుకారునొద్ద అడ్వాన్సు ఇంకను పుచ్చుకొనలేదు. వరుడు మాత్రము గత ఆదివారము ఒంటరిగా, తన పాత 100 సీసీ బండిమీద, ఆరాధనకు వచ్చి వెనుక చాపమీద కూర్చుండెను. బండిని గూర్చి ఏమియు అడుగలేదు. ఆ రెండు కుటుంబముల కొరకు ప్రార్థించుడి.